వల కన్ను అడిగినవారే దాతలు

భారత్, తుర్కియే, యూఏఈ వంటి కొత్త దాత దేశాలను విపత్తు సహాయంలో కలుపుకొనిపోవడం ఎలా అని అడిగారు. నా సమాధానం 2005 జనవరిలో నెల్లూరు జిల్లా మైపాడు తీరంలో మొదలవుతుంది.

సునామీ వచ్చి రెండు వారాలైంది. కళాశాల ఎన్‌ఎస్‌ఎస్ బృందంతో వెళ్ళి నేను అక్కడ సరుకుల లెక్కలు రాస్తున్నాను. ఒక లారీ వచ్చి ఉన్ని కోట్లు, పాత స్వెటర్లు ఇసుకలో కుమ్మరించగా, తెచ్చినవారు బ్యానరు పట్టుకొని ఫోటో దిగి వెళ్ళిపోయారు. "ఈ కోటు తొడుక్కొని మా ఇంటాయన ఏటకు పోతాడా నాయనా? ఒక వల తేగూడదా?" అని ఒక పెద్దామె నన్ను నిలదీసింది. మరుసటి వారం ఇంకెవరో వలలూ తెచ్చారు గాని, వాటి కన్ను, అంటే అల్లికలోని రంధ్రం, పెద్దది కావడంతో కవళ్ళు అనే చిన్న చేపలు జారిపోయేవి. ఆ తరువాత దివిసీమ నుంచి నలుగురు వచ్చారు. 1977 ఉప్పెనలో సర్వం పోగొట్టుకొని, పరాయివాళ్ళు పెట్టింది తిని నిలదొక్కుకొన్న కుటుంబాలవారు. వెంట సరుకేమీ తేలేదు. పాలెం పెద్దల దగ్గర కూర్చొని, చిరిగిన వలలోంచి జానెడు ముక్క కోయించుకొని మచ్చుగా తీసుకొనిపోయారు. పది రోజులకు అదే కన్ను వలలు దిగాయి.

కొత్త దాతల బలం ఇదేనని నా గట్టి నమ్మకం: నిన్నమొన్నటి దాకా చేయి చాచినవారికి ఏమి అడగాలో తెలుస్తుంది. పాత దాతలైన సంపన్న దేశాలు మాత్రం 2003లో స్టాక్‌హోమ్‌లో మానవతా సహాయ సూత్రాలను తమలో తాము రాసుకొని, ఇతరులను వాటిలో చేరమంటున్నారు. రాసేటప్పుడు పిలవనివారిని పాటించేటప్పుడు పిలిస్తే ఎవరు వస్తారు?

కలిసి పనిచేయడం కుదరని పనేమీ కాదు. అఫ్గానిస్తాన్‌కు ప్రకటించిన 50,000 టన్నుల గోధుమలలో మొదటి విడతను భారత్ 2022 ఫిబ్రవరిలో అట్టారి సరిహద్దు నుంచి పంపింది. అఫ్గాన్ లారీలు పాకిస్తాన్ మీదుగా సరుకును జలాలాబాద్ చేర్చగా, పంపిణీ బాధ్యతను ఐక్యరాజ్యసమితి ప్రపంచ ఆహార కార్యక్రమం తీసుకొంది. ధాన్యం ఉన్నవారు ధాన్యమిచ్చారు, ఆకలి ఎవరిదో తెలిసినవారు పంచారు. ఎవరి పెత్తనమూ ఎవరి మీదా నడవలేదు.

మన ప్రభుత్వాల మీదా నాకొక ఫిర్యాదు ఉంది. 2004 సునామీ వేళ మన నౌకాదళం శ్రీలంకకు, మాల్దీవులకు, ఇండోనేసియాకు సహాయంతో వెళ్ళడం గర్వకారణమే. అయితే ఆ రోజుల్లోనే విదేశీ ప్రభుత్వాల సహాయం మాకు అక్కర్లేదన్నాము. 2018 కేరళ వరదలప్పుడూ అదే మాట. పుచ్చుకోవడం నామోషీ అనుకొనే దేశం, తాను ఇచ్చేటప్పుడు అవతలివారికీ ఆ నామోషీయే మిగులుస్తుందని నా అనుమానం. 2021లో కరోనా రెండో అలలో సౌదీ అరేబియా పంపిన ద్రవ ఆక్సిజన్ దించుకొన్నాము, అప్పుడు మన పరువేమీ పోలేదు.