ముందు కేఓహెచ్ సీసా సంగతి చూడు

చిట్టితల్లికి,

నీళ్ల నుంచి హైడ్రోజన్ తీసే ఉత్ప్రేరకాల మీద పీహెచ్‌డీ మొదలుపెట్టావని మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. అదీ నికెల్ పదార్థాల్లో కావాలని ఆక్సిజన్ ఖాళీలు, అంటే ఆక్సిజన్ పరమాణువు ఉండాల్సిన చోట లేని గుంటలు, పుట్టించే పని అట. మనింటి పిల్ల ఎలక్ట్రోకెమిస్ట్రీలోకి వచ్చిందని పొంగిపోయాను. టెన్షన్ కూడా పట్టుకుంది, అందుకే ఈ ఉత్తరం.

చిన్నవి ముందు చెప్పేస్తాను. క్షారంలో, అంటే పొటాషియం హైడ్రాక్సైడ్ (కేఓహెచ్) ద్రావణంలో, వోల్టేజి కొలవడానికి మెర్క్యురిక్ ఆక్సైడ్ రిఫరెన్స్ ఎలక్ట్రోడ్ వాడు. ద్రావణం నిరోధంలో పోయే వోల్టేజికి ఐఆర్ కరెక్షన్ ఎంత చేశావో రాసిపెట్టుకో. నికెల్ తానే ఆక్సీకరణ చెందే పీక్‌ని, నీళ్లు విడిపోయేటప్పుడు హైడ్రోజన్‌కి జోడీగా రెండో ఎలక్ట్రోడ్ దగ్గర వచ్చే ఆక్సిజన్ కరెంటులో కలిపేయకు.

ఇక అసలు సంగతి. మా ల్యాబ్‌లో ఒక కుర్రాడుండేవాడు, మహా శ్రద్ధపరుడు. నికెల్ హైడ్రాక్సైడ్ పొరను సోడియం బోరోహైడ్రైడ్‌లో ముంచి ఖాళీలు చేశాడు. వోల్టేజి సైకిళ్లు నడిచేకొద్దీ ఓవర్‌పొటెన్షియల్, అంటే ఆక్సిజన్ రావడానికి అదనంగా ఇవ్వాల్సిన వోల్టేజి, తగ్గుతూ వచ్చింది. పొర ఉపరితలాన్ని ఎక్స్-కిరణాలతో చూసే ఎక్స్‌పీఎస్ పరీక్షలో, ఖాళీలకు గుర్తుగా చాలామంది చూపించే 531 ఎలక్ట్రాన్ వోల్టుల దగ్గర పీక్ పెరిగింది. అంతా ఖాళీల వల్లేనని థీసిస్‌లో ఒక అధ్యాయం రాసేశాడు. వైవాలో ఎగ్జామినర్ ఒక్కటే అడిగాడు: ‘కేఓహెచ్‌లో ఇనుము తీశారా?’

తీయలేదు. శుద్ధి చేసిన ద్రావణంలో కొత్త పొర పెట్టి నడిపితే ఆ మెరుగు కనిపించనే లేదు. కేఓహెచ్ సీసాలోంచి మలినంగా వచ్చిన ఇనుమే పొరలోకి చేరి పని చేసింది. ఆ అధ్యాయం తీసేశారు. వాడు అన్నం మానేసి కూర్చుంటే చూడలేకపోయాం.

అది కొత్తగా తెలిసిన విషయమూ కాదమ్మా. నికెల్ ఆక్సైడ్ పొరల్లో అతి కొద్ది ఇనుము కూడా ఆక్సిజన్ విడుదలను ఎంత పెంచుతుందో కొరిగన్ అనే శాస్త్రవేత్త 1987లోనే చూపించాడు. అయినా, క్షారంలో నానిన నికెల్ స్ఫటిక నిర్మాణం మారడం వల్లే చురుకవుతుందని చాలామంది అనుకుంటూ వచ్చారు. 2014లో ఆరెగాన్ విశ్వవిద్యాలయం వాళ్లు మళ్లీ తేల్చారు, ఆ చురుకు ఇనుముదని.

శుద్ధి కష్టమేం కాదు. ప్లాస్టిక్ సీసాలో శుభ్రమైన నికెల్ హైడ్రాక్సైడ్ పొడి వేసి, కేఓహెచ్ పోసి బాగా ఊపు. ఆకుపచ్చటి పొడి అడుక్కి దిగేదాకా వదిలెయ్, ఇనుము దానికే పట్టుకుంటుంది. పైన తేరిన ద్రావణాన్ని మెల్లగా తీసుకో. సెల్ కూడా ప్లాస్టిక్‌దే వాడు, క్షారం గాజును తినేస్తుంది. ఖాళీలు చేసిన పొరనీ చేయనిదానినీ అదే ద్రావణంలో నడుపు. రెంటికీ తేడా ఉంటే అప్పుడు మాట్లాడు.

531 పీక్‌ని మాత్రం నమ్ముకోకు. హైడ్రాక్సిలూ, పొరకు పట్టిన తడీ అక్కడే కనిపిస్తాయి. జత లేని ఎలక్ట్రాన్లను పట్టి చూపే ఈపీఆర్ పరీక్ష కూడా చేయించు. గంటల తరబడి నడిపాక పొరను మళ్లీ చూడు. పైభాగం ఆక్సీహైడ్రాక్సైడ్‌గా మారిపోయి, నువ్వు కష్టపడి చేసిన ఖాళీలు పూడిపోయి ఉండొచ్చు. దానికి బాధపడకు, అదే మంచి పేపరవుతుంది.

ఖాళీల కోసం హైడ్రోజన్‌లో వేడి చేయాల్సి వస్తే మాత్రం నా మాట విను. గాలిలో 4 శాతం చేరితే చాలు, అంటుకుంటుంది. ఆ మంట పగటి వెలుగులో దాదాపు కనిపించదు. ముందు ఆర్గాన్‌తో ఫర్నేస్ గొట్టమంతా కడుగు, తర్వాతే హైడ్రోజన్ వదులు. చల్లారాక మళ్లీ ఆర్గాన్. రాత్రిపూట ఒక్కదానివే ఉండి ఆ పని చేశావని తెలిస్తే మీ గైడ్‌కి నేనే ఫోన్ చేస్తాను, తర్వాత అలిగినా సరే. రక్షణ కళ్లద్దాలు తీయకు. కేఓహెచ్ కంట్లో పడితే వెంటనే నీళ్లతో కడుగుతూనే ఉండాలి, ఆసుపత్రికి వెళ్లాలి.

మొదటి గ్రాఫులు వచ్చాక దిద్దకుండా, ఉన్నవి ఉన్నట్టు నాకు పంపు. శుద్ధి చేసినదీ, చేయనిదీ రెండూ.

ఆశీస్సులతో,
మావయ్య