రీసెర్చ్‌కి వెళ్తానంటున్న చిన్నాకి

చిన్నా,

షుగర్ మీద, ఊబకాయం మీద రీసెర్చ్ చేస్తానంటున్నావని మీ అమ్మ ఫోన్ చేసి చెప్పింది. ప్రాక్టీసు పెట్టుకోకుండా ఇదేమిటని మీ నాన్న టెన్షన్ పడుతున్నాడట, ఆయనతో నేను మాట్లాడతాలే. ఎం.డి. చేసి, పేషెంట్లని చూస్తూనే రీసెర్చ్ చెయ్యొచ్చు, అలాంటివాళ్ళే ఈ రంగంలో మనకి తక్కువ. డబ్బు మాత్రం నీ క్లాస్‌మేట్లకి వచ్చినంత రాదు, వచ్చేది కూడా ఆలస్యంగా వస్తుంది. అది తెలిసే దిగు.

ముందు నీ ప్రశ్న ఏమిటో తేల్చుకో. "షుగర్ మీద చేస్తాను" అంటే అది ప్రశ్న కాదురా. మన డెల్టాలో పొలం పనికి వెళ్ళే మనిషి, బి.ఎమ్.ఐ. (ఎత్తుకి బరువు ఎంత ఉందో చెప్పే లెక్క) చూస్తే 22, అంటే లావు కాదు, అయినా నలభై దాటకుండానే షుగర్ వచ్చి కూర్చుంటుంది. ఎందుకొచ్చింది? పుణె దగ్గర పల్లెల్లో డాక్టర్ యాజ్ఞిక్ గారు ఇలాంటి ప్రశ్ననే పట్టుకుని 1993లో పిల్లలు ఇంకా తల్లి కడుపులో పడకముందు నుంచే చూడ్డం మొదలుపెట్టారు. అక్కడ పుట్టిన పిల్లల సగటు బరువు 2.7 కిలోలు, ఇంగ్లండులో సౌతాంప్టన్ పిల్లలది 3.5. కండ తక్కువే, కానీ చర్మం కింద కొవ్వు మాత్రం ఆ లెక్కన తగ్గలేదు. 2004లో లాన్సెట్ అనే వైద్య పత్రికలో ఆయనా, ఇంగ్లండు డాక్టర్ యుడ్కినూ కలిసి ఉన్న ఫోటో ఒకటి వేశారు, ఇద్దరి బి.ఎమ్.ఐ. 22.3, కొవ్వు మాత్రం యుడ్కిన్‌కి 9.1 శాతం, మన ఆయనకి 21.2. ఆ పిల్లల్ని పెద్దయ్యేదాకా వదలకుండా కొలుస్తూ వచ్చారు. ఒక్క ప్రశ్న దగ్గర అన్నేళ్ళు కూర్చోగలవా అన్నది నిన్ను నువ్వే అడుక్కో, నేను చెప్పలేను.

రెండోది కొలత. దీని గురించి ఎంత చెప్పినా నాకు తక్కువే అనిపిస్తుంది. భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు గారు హార్వర్డ్‌లో ఫిస్క్ అనే శాస్త్రవేత్తతో కలిసి 1925లో ఫాస్ఫరస్‌ని కొలిచే పద్ధతి తయారుచేశారు, ఆ పద్ధతి చేతిలో ఉండబట్టే తర్వాత కండరంలో శక్తిని దాచిపెట్టే ఫాస్ఫోక్రియాటిన్ వాళ్ళకి దొరికింది.

నువ్వు ఊళ్ళోకి వెళ్ళి పరగడుపున రమ్మంటే మనవాళ్ళు టీ తాగే వస్తారు. అబద్ధం చెప్పాలని కాదు, టీని తిండి కింద లెక్కెయ్యరంతే. "ఏమైనా తిన్నారా" అని అడక్కు, "లేచిన దగ్గర్నుంచి నోట్లో ఏం వేసుకున్నారండీ" అని అడుగు. తీసిన రక్తం అలాగే ఉంచేస్తే రక్తకణాలే గంటకి 5 నుంచి 7 శాతం చొప్పున గ్లూకోజుని వాడేసుకుంటాయి, దాన్ని ఆపడానికని వాడే ఫ్లోరైడ్ ట్యూబులో పోసినా ఆ పని వెంటనే ఆగదు. ఐసులో పెట్టి తొందరగా సెంట్రిఫ్యూజ్‌లో తిప్పి కణాల్ని వేరు చెయ్యాలి. మన ఎండల్లో మధ్యాహ్నం దాకా ఆటోలో తిరిగిన శాంపిల్ పట్టుకుని ఈ ఊళ్ళో షుగర్ తక్కువని పేపర్ రాస్తే ఆ తప్పు ఎవరికీ కనబడదు కూడా. రెండు మూడు నెలల సగటు షుగర్ చెప్పే హెచ్‌బీఏ1సీ పరీక్ష ఉంది కదా అంటావేమో, ఐరన్ తక్కువై రక్తహీనత ఉన్న ఆడవాళ్ళలో అది ఉన్నదానికన్నా ఎక్కువ చూపించొచ్చు, మన ఊళ్ళలో అలాంటివాళ్ళు ఎంతమందో నీకు తెలుసు. నడుము కొలత చీర మీద నుంచి తియ్యకు, కొలవడానికి ఒక ఆడమనిషిని తోడు తీసుకెళ్ళు. చివరి పక్కటెముకకీ తుంటి ఎముకకీ మధ్యన, ఊపిరి మామూలుగా వదిలాక కొలవాలి.

ఇంకొకటి, లావుగా ఉన్న మనిషిని తిండిపోతు అనే నోరు నీకు ఉండకూడదు. 1994లో ఆకలిని అదుపులో పెట్టే లెప్టిన్ అనే హార్మోను దొరికింది, ఆ తర్వాత కొన్నేళ్ళకే ఇంగ్లండులో ఎంత తిన్నా ఆకలి తీరని పిల్లలకి ఒంట్లో ఆ హార్మోనే లేదని తేలింది, ఇంజెక్షన్లు ఇస్తే ఆకలీ తగ్గింది, బరువూ తగ్గింది. అందరికీ కారణం అదే అని కాదు, అలాంటి లోపం చాలా అరుదు. కానీ ఆకలి మనిషి మంకుతనం కాదని రుజువైంది కదా. నిన్ను నమ్మి ఏడాదికోసారి వచ్చి రక్తం ఇచ్చే మనిషి నీ మాటలో చులకన వింటే మళ్ళీ రాదు, నీ స్టడీ అక్కడితో సరి.

అన్నం మానెయ్యండని చెప్పడం కూడా అంత తేలిక కాదు. 2011లో 235 రకాల బియ్యం పరీక్షిస్తే గ్లైసీమిక్ ఇండెక్స్ (తిన్నాక రక్తంలో షుగర్ ఎంత పెరుగుతుందో చెప్పే లెక్క) 48 నుంచి 92 దాకా వచ్చింది, తక్కువ వచ్చినవాటిలో మన మార్టేరు వరి పరిశోధన కేంద్రంలో పుట్టిన స్వర్ణ రకం ఉంది. మరి ఇక్కడ ఎవరు ఏ రకం తింటున్నారు, ఎంత పాలిష్ పట్టించి తింటున్నారు, ఒక పూటకి ఎన్ని గరిటెలు? నీకు పని దొరకదన్న భయం లేదు.

ఇప్పుడు నువ్వు చెయ్యాల్సింది ఐ.సి.ఎమ్.ఆర్. (భారత వైద్య పరిశోధన మండలి) వాళ్ళు మెడికల్ స్టూడెంట్లకి ఇచ్చే ఎస్.టి.ఎస్. అనే చిన్న రీసెర్చ్ స్టూడెంట్‌షిప్‌కి అప్లై చెయ్యడం. రెండు నెలల పనే, గైడు నీ కాలేజీలోనే ఉండాలి. పేరున్న ప్రొఫెసర్ కన్నా ఖాళీ ఉండి నీ డేటా షీటు తెరిచి చూసే మనిషిని వెతుక్కో. ఈ లోపు స్టాటిస్టిక్స్ మొదలుపెట్టు, పరీక్షకోసం కాదు, నిజంగా. సంక్రాంతికి వస్తావుగా, నీ ప్రశ్న ఒక్క వాక్యంలో, ఏం కొలుస్తావో ఒక పేజీలో రాసి తీసుకురా, కూర్చుని దిద్దుకుందాం.

మీ దొడ్డమ్మ