ప్రాచీన ఈజిప్షియన్లు అంత శుభ్రంగా ఉండేవారు కదా, మరి వాళ్ల పళ్లు ఎందుకు పాడయ్యాయి?

ప్రధాన కారణం రొట్టె. పంచదార వాళ్లకు తెలియదు. తీపి కావాలంటే తేనె, ఖర్జూరాలే. తేనె మాత్రం ఎక్కువగా కలిగినవాళ్లకే. సామాన్యుల తిండి మాత్రం రోజూ ఎమ్మర్ అనే పాతకాలపు గోధుమ రొట్టె, బార్లీ బీరు, ఉల్లిపాయలు, నైలు చేపలు. దేర్ ఎల్-మెదీనా అనే ఊళ్లో ఉంటూ రాజసమాధులు చెక్కిన పనివాళ్లకు జీతం కూడా ధాన్యంగానే ఇచ్చేవారు.

ఆ గోధుమల్ని సన్నికల్లు లాంటి రాతిమీద నూరేవారు. రాతిపొడి, ఎడారి ఇసుక పిండిలో కలిసిపోయేవి. ఏళ్ల తరబడి నమిలేసరికి పంటి పైపొర అరిగి, లోపలి గుజ్జు బయటపడి చీము పట్టేది. రాజులకూ తప్పలేదు: రెండవ రామ్సెస్ మమ్మీలో అరిగిన పళ్లు, దవడలో చీముగడ్డల ఆనవాళ్లు కనిపించాయి. పాపం, ఎంత బాధపడ్డాడో!

శుభ్రత విషయంలో మీరన్నది నిజమే. పూజారులు పగలు రెండుసార్లు, రాత్రి రెండుసార్లు చన్నీళ్ల స్నానం చేసేవారని, పేలు పట్టకుండా ఒళ్లంతా గొరిగించుకునేవారని క్రీ.పూ. 5వ శతాబ్దంలో గ్రీకు చరిత్రకారుడు హెరొడోటస్ రాశాడు. సబ్బు బదులు నేట్రాన్ అనే సహజమైన సోడా ఉప్పు వాడేవారు. మమ్మీలను ఎండబెట్టిందీ దాంతోనే. నోరు ఎంత కడుక్కున్నా, రొట్టెలో ఇసుక ఉంటే పళ్లు అరగక మానవు.