లేబుల్ ప్రింటింగుకు ఇచ్చే ముందు

బిడ్డా,

మీ అమ్మ ఫోన్‌లో చెప్పింది. నువ్వు, నీ దోస్తులు బడుల కోసం తెలుగు డిస్ట్రో, అంటే ఆపరేటింగ్ సిస్టమ్‌తో పాటు కావాల్సిన ప్రోగ్రాములన్నీ కలిపిన కట్ట, తయారు చేస్తున్నారట, దసరా తర్వాత పెన్‌డ్రైవులు పంచుతారట. హన్మకొండలో కూర్చుని ఇంత పని ఎత్తుకున్నారంటే గర్వంగా ఉంది. దాని లేబుల్ మీద ‘నూరు శాతం స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్’ అని వేస్తున్నారని విన్నప్పటి నుంచి టెన్షన్ కూడా పట్టుకుంది. ఆ మాట అంటే, లోపల ఉన్న ప్రతి ప్రోగ్రాముకూ సోర్స్ కోడ్, అంటే రాసినవాళ్ల అసలు రాత, ఎవరైనా చూసి, మార్చి, పంచుకోవచ్చని మాట ఇచ్చినట్టే.

డెబియన్ అనే పాత డిస్ట్రో మీద కట్టారు కాబట్టి ‘డెబియన్ ఆధారితం’ అనండి. మీ డిస్ట్రో పేరులోకి మాత్రం ఆ మాట తేవద్దు, అది ట్రేడ్‌మార్క్. ‘గ్నూ/లినక్స్’ అని రాయండి. 1983లో స్టాల్‌మన్ ప్రకటించిన గ్నూ ప్రోగ్రాములు, 1991లో టోర్వాల్డ్స్ మొదలుపెట్టిన లినక్స్ కెర్నెల్, అంటే ఆపరేటింగ్ సిస్టమ్ గుండెకాయ, రెండూ అందులో ఉన్నాయి. ఆ పేరు మీద గంటలకొద్దీ కొట్లాడుకోకండి.

నా భయమంతా ఆ నూరు శాతం గురించే. మీరు తీసుకున్నది డెబియన్ 12. 2022లో వాళ్లు ఓటింగ్ పెట్టుకున్నారు, 2023లో వచ్చిన ఈ వెర్షన్ నుంచి అధికారిక ఇన్‌స్టాలర్‌లోనే నాన్-ఫ్రీ ఫర్మ్‌వేర్, అంటే వై-ఫై లాంటి పరికరాలను నడిపే, స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ కాని ఫైళ్లు, పెట్టారు. చాలా ల్యాప్‌టాపుల్లో అది లేకపోతే వై-ఫై నడవదు, నేను తప్పుపట్టను. ట్రిస్‌క్వెల్ అనే ఇంకో డిస్ట్రో వాళ్లు అలాంటివన్నీ తీసేస్తారు కాబట్టి వాళ్లు ఆ మాట అనొచ్చు. మీరు తీసేశారా?

చాలా ఏళ్ల కింద నా దోస్తు ఒకాయన ఇట్లాగే సీడీలు వేయించాడు. కవరు మీద పెద్దక్షరాల్లో ఇదే మాట. పరకాల దిక్కు ఒక కాలేజీలో పంచుతుంటే ఇంటర్ పిల్లవాడొకడు లేచి, ‘సార్, ఈ వై-ఫై ఫైలుకు సోర్స్ కోడ్ ఎక్కడ దొరుకుతుంది?’ అని అడిగాడు. కంపెనీ ఇచ్చింది ఉత్త బైనరీ, యంత్రం చదివే ఫైలు మాత్రమే, సోర్స్ ఎక్కడిది? మావాడు లైసెన్సుల పురాణం ఎత్తుకున్నాడు. పిల్లవాడు కూర్చోలేదు. చివరికి మావాడు వాడినే కసిరాడు, నాకు ఇప్పటికీ మింగుడుపడనిది అదే. ‘ఇంకా ఏమేం కలిపారో’ అని ప్రిన్సిపాల్ సీడీలన్నీ వాపస్ ఇచ్చేశాడు. మిగతాదంతా నిఖార్సైన స్వేచ్ఛా సాఫ్ట్‌వేరే, కానీ అప్పుడు ఎవరు నమ్ముతారు? ఆ మాటను మార్కర్‌తో కొట్టేసి వేరేచోట పంచబోతే జనం ఆ గీతనే చూశారు.

రేపు అట్లా నిలబడేది నువ్వు. నలుగురిలో ఎవరైనా గట్టిగా అడిగితే నీకు గొంతు పూడుకుపోతుంది, చిన్నప్పటి నుంచీ అంతే.

నాన్-ఫ్రీ విభాగాల నుంచి వచ్చిన ప్యాకేజీల జాబితా తీసి, ‘ఇవి స్వేచ్ఛా సాఫ్ట్‌వేర్ కావు’ అని లేబుల్ మీదే వేయండి. చోటు చాలకపోతే మీ లోగో చిన్నది చేయండి. ముందు నాకొక పెన్‌డ్రైవ్ పంపు, నా పాత ల్యాప్‌టాప్‌లో వేసి చూస్తా. అప్పటిదాకా ప్రింటింగుకు ఇవ్వకు.

మీ పెద్దబాపు