నోటిలో ఫంగస్ పూత క్యాన్సర్‌గా మారుతుందా?

సాధారణంగా వచ్చే తెల్లటి పూత మారదు. ఏళ్ల తరబడి వదలని ఒక రకం ఫంగస్ మచ్చ విషయంలో మాత్రం ముప్పు ఉంది.

కాండిడా అనే ఈ ఫంగస్ చాలామంది ఆరోగ్యవంతుల నోళ్లలో ఏ హానీ చేయకుండానే ఉంటుంది. పొగాకుతో, మద్యంతో దెబ్బతిన్న నోటి లోపలి పొరలో తిష్ఠ వేస్తే కథ వేరు. మద్యాన్ని అది ఎసిటాల్డిహైడ్‌గా మారుస్తుంది. ఆ రసాయనం కణాల డీఎన్‌ఏను పాడుచేస్తుంది. పైగా ఈ ఫంగస్ వాపు తగ్గనివ్వదు. అయినా ఫంగస్ ఒక్కటే క్యాన్సర్ తెస్తుందని రుజువు కాలేదు. అసలు దోషులు పొగాకు, గుట్కా, మద్యం, వక్క. (పొగాకు లేని వక్కపొడి అయితే ఫరవాలేదన్న ధీమాకూ ఆధారం లేదు.)

ఉదాహరణకు, స్టెరాయిడ్ ఇన్‌హేలర్ పీల్చాక నోరు పుక్కిలించని ఆస్తమా రోగికి మీగడలాంటి పూత రావచ్చు. గుడ్డతో తుడిస్తే ఊడి, కింద ఎర్రగా కనిపిస్తుంది, మందుతో తగ్గుతుంది. బీడీ తాగేవారి పెదవుల మూల లోపలివైపు, గీకినా రాని గరుకు మచ్చ అలాంటిది కాదు. దానికి బయాప్సీ (చిన్న ముక్క తీసి పరీక్షించడం) అవసరం కావచ్చు.

ఫంగస్ మందుకు మచ్చ కాస్త పలచబడగానే క్యాన్సర్ కాదని తేల్చేసుకోవడం చాలామంది చేసే పొరపాటు. క్యాన్సర్ పుండు మీద కూడా ఈ ఫంగస్ పెరుగుతుంది. పై పూత పోయినా కింది పుండు అలాగే ఉంటుంది. రెండు వారాలు దాటినా మానకపోతే దంతవైద్యుడికి చూపించాలి.