పైన మనసు పెట్టుకుని బతకడం గురించి మా అమ్మాయికి

అమ్మాయీ, ప్రభువు నామంలో నీకూ అల్లుడికీ పిల్లలకీ వందనాలు.

మొన్న ఫోన్లో నువ్వు అడిగింది నా మనసులోంచి పోవడం లేదు. "పెద్దమ్మా, పరలోకం మీద మనసు పెట్టుకుని బతకాలని మందిరంలో చెప్తారు, నేను ఐదింటికి లేచి క్యారేజీలు కట్టి, పిల్లల్ని బడికి పంపి, షాపులో రాత్రి తొమ్మిదిదాకా బిల్లులు కొట్టి ఇంటికొచ్చేసరికి నడుం నిలవదు, ఇంక పరలోకం గురించి ఎప్పుడు ఆలోచించేది?" అన్నావు. ఫోన్లో సరిగ్గా చెప్పలేకపోయాను, అందుకే కూర్చుని రాస్తున్నా.

దానికి వేరే టైం అక్కర్లేదు తల్లీ. బైబిల్లో కొలొస్సయులకు రాసిన పత్రిక మూడో అధ్యాయం తీసి చూడు. మొదట్లోనే పైనున్న వాటి మీద మనసు పెట్టుకోమంటాడు పౌలు. అక్కడ ఆపకుండా కిందికి చదువుకుంటూ పో, కోపం మానుకోండి, అబద్ధాలు ఆడొద్దు, ఒకరినొకరు క్షమించుకోండి అంటాడు, తర్వాత భార్యాభర్తలు, పిల్లలు, చివరికి పనిచేసేవాళ్ల దగ్గరికి వస్తాడు, యజమాని చూస్తున్నాడని చేయడం మాని ప్రభువుకి చేసినట్టు చేయమంటాడు. పరలోకంతో మొదలైన మాట మన వంటింట్లోకి, నీ బిల్లింగ్ కౌంటర్ దగ్గరికి వచ్చేసింది చూడు.

నాకిది చదివితే రాలేదు. నేను ఒంగోలులో పొగాకు గ్రేడింగ్‌కి వెళ్లేదాన్ని, నీకు తెలుసు. ఆకు రంగు చూసి, మచ్చలు చూసి, పచ్చాకు వేరు చేసి కట్టలు కట్టాలి, ఎన్ని కిలోలు చేస్తే అంత కూలి. ఒక ఏడు మీ పెదనాన్న మంచాన పడ్డాడు, ఇంట్లో బియ్యం లేవు, అప్పుడు నేను పైన మంచి ఆకు పెట్టి లోపల మచ్చల ఆకు దూర్చి కట్టాను, మూడు రోజులు అలాగే చేశాను. ఎవరూ పట్టుకోలేదు. ఆ ఆదివారం మందిరంలో పరలోకం పాట వచ్చింది, అందరికంటే గట్టిగా నేనే పాడుతున్నా, చప్పట్లు కొట్టడానికి చేతులు ఎత్తితే పొగాకు జిగురు వాసన, ఎంత తోమినా పోదు అది, గొంతులో పాట ఆగిపోయింది. సోమవారం పొద్దున్నే వెళ్లి మేస్త్రికి చెప్పేశా. ఆ మూడు రోజుల కూలి పోయింది, నలుగురిలో తిట్లు తిన్నా. ఇంటికొచ్చి చెప్తే మీ పెదనాన్న కాసేపు మాట్లాడలేదు, తర్వాత "ఉన్న గంజి తాగి పడుకుందాంలే" అన్నాడు. పరలోకం ఉందని చిన్నప్పటి నుంచీ నమ్ముతూనే ఉన్నాను గానీ, అది ఉందని నమ్మి ఒక పని చేయడం నాకు అదే మొదటిసారి.

మన ఒంగోలు కొండ సంగతి పిల్లలకి చెప్తున్నావా? 1854 జనవరి 1న తెల్లవారకముందే అమెరికా నుంచి వచ్చిన బాప్టిస్టు మిషనరీ జెవెట్టు దొర, దొరసాని, ముగ్గురు తెలుగు విశ్వాసులు, మొత్తం ఐదుగురు ఆ కొండెక్కి ఈ ఊరికి ఒక బోధకుణ్ణి పంపమని ప్రార్థన చేశారు. వాళ్లు అడిగిన ఆ బోధకుడు, అమెరికా మిషనరీ క్లౌ దొర, ఒంగోలు వచ్చింది 1866లో. మధ్యలో పన్నెండేళ్లు! ఆ ఐదుగురూ దిగివచ్చి ఎవరి పని వాళ్లు చేసుకున్నారు. తర్వాత 1876 నుంచి పెద్ద కరువు పట్టింది, జనం రాలిపోతున్నారు, అప్పుడు క్లౌ దొర బకింగ్‌హాం కాలువలో మూడున్నర మైళ్లు కాంట్రాక్టు తీసుకుని ఆకలిగొన్నవాళ్లకి మట్టిపని, కూలి ఇప్పించాడు. అన్నం కోసం బాప్తిస్మం తీసుకున్నారన్న మాట రాకూడదని ఏడాదికి పైగా బాప్తిస్మాలే ఆపేశాడు. ఆ తర్వాత 1878 జూలై 3న వెల్లంపల్లి దగ్గర గుండ్లకమ్మలో ఒక్కరోజే 2,222 మంది బాప్తిస్మం తీసుకున్నారు. అందరూ ఆ అంకె చెప్పుకుంటారు, నాకు మాత్రం ఆ కాలువ మట్టే ఎక్కువ గుర్తొస్తుంది. ఆత్మల కోసం సముద్రాలు దాటి వచ్చిన మనిషి తట్టలూ పారలూ కూలి లెక్కలూ పట్టుకుని నిలబడ్డాడు కదా.

ఇంక నీ రోజు సంగతి. పొద్దున ఫోన్ ముట్టుకోకముందు, పొయ్యి మీద అన్నం ఉడుకుతుండగా నాలుగు వచనాలు చదువు, చాలు, పది అధ్యాయాలు చదవలేదని టెన్షన్ పడొద్దు. అందులో ఒక్క మాట షాపుకి తీసుకెళ్లు. కస్టమర్ విసుక్కున్నప్పుడు, చిల్లర ఎక్కువ వచ్చినప్పుడు, ఓనరు లేనప్పుడు ఆ మాట గుర్తు చేసుకో. రాత్రి పడుకునే ముందు తొంభయ్యో కీర్తనలో మోషే మా దినాలు లెక్కించడం నేర్పు ప్రభువా అని అడిగినట్టు, నువ్వూ ఈ రోజుని లెక్కపెట్టుకో. ఎవరి మీద అరిచాను, ఎవరి డబ్బు నా దగ్గర ఉండిపోయింది, అని. మీ అత్తతో మాటలు లేవన్నావు కదా, అది రేపటికి ఉంచకు, తప్పు ఎవరిదైనా సరే నువ్వే కాఫీ తీసుకెళ్లి ఇవ్వు. ఇది మాత్రం కచ్చితంగా చెయ్యి.

చీటీ పాడి బంగారం కొందామనుకుంటున్నావు, కొనుక్కో, తప్పేం లేదు. కానీ ఆ చీటీ డబ్బు కోసం కానుక సంచి దగ్గర చెయ్యి ముడుచుకుపోతుంటే, పక్కింటామె పిల్లాడి ఫీజుకి అడిగితే మొహం చాటేస్తుంటే, అప్పుడు మనసు ఎక్కడుందో చూసుకోవాలి.

ఇంకోటి. కష్టంలో ఉన్నవాళ్లతో "పరలోకంలో అన్నీ సరైపోతాయిలే" అని చెప్పి లేచి రాకు. మీ పెదనాన్న పోయినప్పుడు ఆ మాట చాలామంది అన్నారు, నిజమే, నేనూ నమ్ముతాను, కానీ ఆ రోజు నాకు ఊరట ఇచ్చింది మాట్లాడకుండా వచ్చి బిందెలు నింపి, రసం కాచి పెట్టిపోయిన ఎదురింటామె. యేసు ప్రభువు కూడా చనిపోయిన లాజరును లేపబోతున్నానని తెలిసీ, సమాధి దగ్గరికి వెళ్లేముందు ఏడ్చాడు. నువ్వు కూడా ముందు ఏడ్చేవాళ్ల పక్కన కూర్చో.

ఈసారి ఈస్టర్‌కి సెలవు పెట్టుకుని ముందురోజే రండి. తెల్లవారుజామున నాలుగింటికే సమాధుల తోటకి వెళ్లాలి, కొవ్వొత్తులు నేను కొని ఉంచుతా. మీ పెదనాన్న సమాధికి సున్నం కొట్టాలి, అల్లుడు వస్తే ఆ పని అయిపోతుంది. పిల్లల్ని నిద్ర లేపి తీసుకురా, ఆయన ఏ ఆశతో నిద్రించాడో వాళ్లకి అక్కడే చెప్తా.

మీ పెద్దమ్మ