రాయికి పదును ఉంటుందా?

సందేహం: వంటింటి కత్తుల కోసం మా అబ్బాయి ఆన్‌లైన్‌లో జపాన్ సానరాయి తెప్పించాడు. అమ్మకం పేజీలో దాన్ని ‘తడిరాయి’ అని రాశారు. కొన్నాళ్లకు రాయి మధ్యలో గుంటపడితే వాడు ‘రాయి పదును పోయింది’ అన్నాడు. పదును కత్తికి గదా, రాయికి ఉంటుందా? ‘సానపట్టు’, ‘సానపెట్టు’లలో ఏది సరి?
— ఒక పాఠకురాలు

సమాధానం: ముందు ఆ ‘తడిరాయి’ సంగతి. ఇంగ్లీషు ‘వెట్‌స్టోన్’లోని వెట్‌కు నూరడమని అర్థం. తడి అనే అర్థమున్న వెట్ వేరే మాట, దాని వర్ణక్రమమే వేరు. నిఘంటువు తెరిచే ఓపిక లేక చెవికి వినబడినదాన్ని తెలుగు చేసేశారు. నూనె వేసి నూరే రాయి కూడా వెట్‌స్టోనే, మరి దాన్నేమంటారు? సానరాయి అనే చక్కని మాట ఉండగా ఈ అవస్థ దేనికి?

ఇక పదును. ఈ మాటను ఇప్పటి రాతగాళ్లు కత్తి అంచుకే కట్టిపడేశారు. పదునైన విమర్శ, పదునైన బంతులు, అక్కడితో సరి. రైతునడగండి. ‘ఒక పదును వాన పడింది’ అంటే నాగలి సాగేటంత తడి నేలలోకి దిగిందని. తక్కువైతే నాగలి దిగదు, ఎక్కువైతే అంతా బురద. పదును ఆరకముందే విత్తనం పడాలని ఆరాటపడతారు. బెల్లం పాకానికీ పదునుంది: నీళ్ల గిన్నెలో చుక్క వేసి, వేళ్లతో ఉండకట్టి చూస్తారే, అది. కుమ్మరి తొక్కిన మట్టికీ ఉంది. కమ్మరి కొడవలిని ఎర్రగా కాల్చి నీళ్లలో ముంచడమూ పదును పెట్టడమే. అప్పటికింకా అంచు తీయలేదు, ఇనుముకు కావలసిన గట్టిదనం వచ్చిందంతే. తమిళంలో ఇది ‘పదం’. కుండెడు అన్నానికి ఒక్క మెతుకే పదమని వాళ్ల సామెత. కన్నడంలో పకారం హకారమై ‘హద’ అయింది. మూడు భాషల్లోనూ మూలార్థం ‘తగిన స్థితి’. తడి, మెత్తదనం, గట్టిదనం, వాడి అన్నీ దాని కొమ్మలే.

అలా చూస్తే సానరాయికీ పదును నిక్షేపంలా ఉంటుంది. నీళ్లు పీల్చే రకం రాయిని 10–15 నిమిషాలు నీళ్లలో ఉంచితే సన్నటి బుడగలు వరసగా పైకొస్తాయి. అవి ఆగాయంటే రాయి పదునుకొచ్చిందన్నమాట. అన్ని రాళ్లకూ ఇది కుదరదు. మెగ్నీషియాతో అతికించి చేసిన రాళ్లను నానేస్తే మెత్తబడి, ఆరాక బీటలిస్తాయి. వాటి మీద నీళ్లు చిలకరిస్తే చాలు. మీ అబ్బాయిది ఏ రకమో పెట్టె మీద చూడమనండి. పనయ్యాక పైన పేరుకున్న నల్లటి బురద కడిగి, అన్ని వైపులా గాలి తగిలేలా నీడలో నిలబెట్టాలి. ఎండలోనో పొయ్యి పక్కనో పెడితే పైపొర ముందు ఆరిపోయి, లోపలి తడి ఆరక రాయి పగులుతుంది. తడి మీదే డబ్బాలో పెట్టి మూతేస్తే బూజు పడుతుంది.

అయితే గుంటపడిన రాయికి పోయింది పదును కాదు, చదును. రాయి మీద పెన్సిలుతో అడ్డంగా నిలువుగా గీతలు గీసి, అద్దం పలక మీద పరిచిన తడి ఎమ్రీ కాగితంపై రుద్దమనండి. గుంటలో ఉన్న గీతలు ఆఖరున చెరుగుతాయి. అవీ చెరిగితే చదునైనట్టు. రాయి నున్నబడి ఉక్కును పట్టుకోవడం మానేస్తే మాత్రం ‘పదును పోయింది’ అనడాన్ని నేను ఒప్పుకుంటాను.

సాన సంస్కృత ‘శాణ’కు తద్భవం. ‘శాణస్తు నికషః కషః’ అని సంస్కృత నిఘంటువు అమరకోశం నూరే రాయినీ బంగారం గీసి చూసే రాయినీ ఒక్క చోట చేర్చింది. తెలుగువాళ్లు సాన, గీటురాయి అని విడదీసుకున్నారు. గంధం తీసేదీ సానే. ఆకురాయి పేరుకే రాయి, అది ఉక్కుది.

కత్తిని సాన మీద పట్టి నూరుతాం కాబట్టి ‘సానపట్టు’ నాకు ఇష్టం. ‘సానపెట్టు’ బహుశా ‘పదును పెట్టు’ జోడు చూసి వచ్చి ఉంటుంది. వాడుకలో బాగా పాతుకుపోయింది, తప్పనలేను. ‘షార్పెన్ చేశాను’ అని మీ అబ్బాయి అంటే మాత్రం తప్పక దిద్దండి.